కల్ కిధర్

ఆదివారం వచ్చిందంటే కన్నమ్మకి చేతినిండా పని. ఇనప గనుల ఊరు కిరండూల్లో, రైల్వే క్వార్టర్ల వెనక, కుళాయి పక్కనున్న సిమెంటు గట్టు మీద ముందుగా గోనెపట్టా పరుస్తుంది. తడి గట్టు మీద ఒక్కసారి కాలు జారిందా, ఆ కుక్క జన్మలో మళ్ళీ స్నానానికి రాదు. తర్వాత తన సరంజామా అంతా సర్దుకుంటుంది. గోరువెచ్చని నీళ్ళ తొట్టి, కుంకుడు రసం, చెవుల్లో నీళ్ళు పోకుండా దూది, గోమార్లు పీకడానికి చిమ్టా, పీకినవి వెయ్యడానికి కిరసనాయిలు సీసా, గోళ్ళ కత్తెర, తమ్ముడు తాతబాబు పాత లుంగీలు చింపిన తువ్వాళ్ళు. మనుషుల సబ్బుని మాత్రం ఆ దరిదాపులకి రానివ్వదు.

"దాని తోలు వేరు, మన తోలు వేరు. ఆ సబ్బెడితే సాయంత్రం దాకా గోక్కుని సస్తాది," అంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం సన్నపళ్ళ ఇనప దువ్వెన. నీళ్ళు పొయ్యకముందే దువ్వాలి, తడిస్తే చిక్కు బిగుసుకుపోతుంది. దువ్వుతూ కుక్క చెవి దగ్గరికి వంగి, "కల్ కిధర్ రే?" అని అడుగుతుంది కన్నమ్మ. నిన్న ఎక్కడ్రా అని. ఈ ఊరి కుక్కలకి తెలుగెక్కడొస్తుంది పాపం, అందుకని హిందీలో అడిగేది. దానికి జవాబు దువ్వెనలోంచి రాలుతుంది. నిన్న అడవికెళ్ళిన కుక్క అయితే ఇప్పపూలు, సంతకెళ్ళినదైతే ఉల్లిపొట్టు. ఒకసారి పక్క క్వార్టరు సుక్రాం కుక్క వీపులోంచి చెంబెడు వాగు నీళ్ళు, ఒక చేపపిల్లా జారిపడ్డాయి. చేపపిల్లని తాతబాబు పెళ్ళాం ఎర్రమ్మ ఆ పూట పులుసులో వేసేసింది. కోడి పోయినవాళ్ళూ చెప్పులు పోయినవాళ్ళూ ఏ కుక్క పనో తేల్చుకోడానికి ఆదివారం గట్టు దగ్గరికొచ్చి నిలబడడం క్వార్టర్లలో మామూలే.

అందరికన్నా చివర వచ్చేవాడు సిగ్నల్. గూడ్సు గార్డు యేసుపాదం పెంచుకునే తెల్లకుక్క. తెల్లకుక్క అని ఆదివారం ఒక్కరోజే అనాలి, ఖనిజం బళ్ళ వెంట తిరిగి తిరిగి వారమంతా ఎర్రగానే ఉంటాడు. యేసుపాదానికి పెళ్ళి లేదు, నా అన్నవాళ్ళు లేరు. చర్చి అయ్యాక అవే ఇస్త్రీ బట్టలతో వచ్చి గట్టు మీద కూర్చుంటాడు. సిగ్నల్ స్నానానికి అరగంట పడుతుంది. ఆయన మాత్రం మధ్యాహ్నం దాకా లేవడు. కన్నమ్మకి ఆ మధ్యాహ్నాలంటే ప్రాణం. మొగుడు పోయి చాలా ఏళ్ళయినా, ఈ ఇష్టం సంగతి తమ్ముడితో కూడా అనలేదు.

ఆ ఆదివారం యేసుపాదం ఒక సంచీ మోసుకొచ్చాడు. కుక్క గొలుసు, కొత్త బ్రష్షు, దళసరి తువ్వాలు అన్నీ తీసి గోనెపట్టా మీద పెట్టాడు.

"ఇవన్నీ ఏటండి గార్డుగారూ?" అంది కన్నమ్మ.

"నాకు విశాపట్నం ట్రాన్స్‌ఫరొచ్చింది కన్నమ్మగారూ. ఒంటోడికి క్వార్టరు దొరకదంట. మేడమీద గదిలో నలుగురం ఉండాల. కుక్కని రానివ్వరు. సిగ్నల్‌ని మీకాడ ఒదిలేసి ఎల్తాను."

కన్నమ్మకి కుక్క మిగులుతుంది, సరే. ఆదివారం మిగలదు కదా. సిగ్నల్‌ని దగ్గరికి లాక్కుని దువ్వెన తీసుకుంది. అలవాటుగా, "కల్ కిధర్ రే?" అంది.

ఎర్రదుమ్ము రాలింది. ఆ వెనకే ఇసక రాలింది, తడిసిన ఇసక. దువ్విన కొద్దీ వస్తూనే ఉంది. గోనెపట్టా నిండింది. చిన్న గవ్వ ఒకటి గట్టు మీద పడి దొర్లింది. సముద్రపు ఉప్పు వాసన గుప్పున కొట్టింది.

"ఈడు నిన్న సముద్రానికి ఎలగెల్లాడండి?" అంది కన్నమ్మ.

"నిన్నంతా నా మంచం కిందే ఉన్నాడు," అన్నాడు యేసుపాదం. ఇసకని గుప్పెట్లోకి తీసుకుని కాసేపు చూశాడు. "కన్నమ్మగారూ, మీరు నిన్న ఎక్కడని అడగలేదు. కల్ కిధర్ అన్నారంతే. కల్ అంటే నిన్న, కల్ అంటే రేపూ. వెనక థా అని తగిలిస్తే నిన్న, హోగా అని తగిలిస్తే రేపు."

"తెలుగులో ఈ తోకలన్నీ ఎందుకు, నిన్నెక్కడంటే నిన్నెక్కడే," అంది కన్నమ్మ. ఇన్నేళ్ళూ కుక్కలే పెద్దమనసుతో సర్దుకుని నిన్నటి సంగతులు చెప్పాయన్నమాట. అంటే ఇది రేపటి ఇసక. సిగ్నల్ విశాఖపట్నం వెళ్తాడు. తనకి కుక్క కూడా మిగలదు.

చెయ్యి ఆగలేదు, దువ్వుతూనే ఉంది. దువ్వెన చివర ఏదో చిక్కుకుంది. గట్టిగా లాగింది. దారంతో కట్టిన కనకాంబరాల మాల ముక్క వచ్చింది, దానికి చుట్టుకుని సగం నెరిసిన పొడుగాటి వెంట్రుక. కనకాంబరం మొక్క ఈ దుమ్ములో బతకదు, కిరండూల్ మొత్తంలో ఎవరింటా లేదు. వెంట్రుక మాత్రం ఆముదం వాసనేస్తోంది. అంత ఆముదం పెట్టేది ఈ లైన్లో ఒక్క మనిషే.

గోడ మీంచి తొంగి చూస్తున్న ఎర్రమ్మ ముందు కనిపెట్టింది. "వదినా, అది నీ జుట్టే. పూలెట్టుకుని సముద్రం ఒడ్డున ఏటి సేస్తన్నావు?"

"నోర్ముయ్యే," అంది కన్నమ్మ, ముడి సర్దుకుంటూ.

ఎర్రమ్మ నవ్వుకుంటూ లోపలికి పోయింది. యేసుపాదం నేలచూపులు చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి, అది దుమ్ము కాదు.

"పెళ్ళాంతో వచ్చినోళ్ళకైతే కింద క్వార్టరిస్తారంట. పెరడు కూడా ఉంటాదంట," అన్నాడు ఇసకతో చెప్పినట్టు. "ఎన్నో ఆదివారాల్నుంచి అడగాలనే ఒస్తన్నాను."

కన్నమ్మ సిగ్నల్ చెవుల్లో దూది పెట్టింది. ఈ మాట వీడు వినక్కర్లేదు. తలెత్తి యేసుపాదం కళ్ళలోకి సూటిగా చూసింది.

"కల్ కిధర్?" అంది.

ఏ కల్ అని ఆయన అడగలేదు. "మీరొస్తే సముద్రానికి," అన్నాడు.

కన్నమ్మ చెంబు ముంచి సిగ్నల్ వీపు మీద నీళ్ళు పోసింది. ఎర్రనీళ్ళు గట్టు దిగి పారాయి.

"ముందు ఈ తొట్టి బండిలో పడతాదో లేదో కనుక్కోండి," అంది.