మూసిన కొట్లో పలికిన గొంతు

కేకులావిడకు చేతిలో పనితనం ఉంది గానీ నోట్లో ధర లేదు. వీధిలో అందరూ ఆమెను కేకులావిడ అనే పిలిచేవాళ్ళు. పెళ్ళికి నాలుగంతస్తుల కేకు కావాలన్నా, పుట్టినరోజుకు ఓడ ఆకారంలో కావాలన్నా, ఎక్కడో చూసిన బొమ్మ తెచ్చి అచ్చం ఇలాగే చేయమన్నా చేసి పెట్టేది. చక్కెర ముద్దను పల్చగా ఒత్తి ఆమె చేసిన గులాబీలను నిజం పూలనుకుని వాసన చూసినవాళ్ళు ఉన్నారు. అంతా బాగానే ఉండేది. "ఎంతండీ?" అని అడిగేసరికే వచ్చేది చిక్కు. మనసులో అనుకున్న అంకె నాలుక మీదికి వచ్చేలోపే సగమయ్యేది. ఎదుటి మనిషి కనుబొమ్మ కాస్త లేచిందా, అందులో మళ్ళీ సగం.

"పర్లేదండీ, మీరు ఎంతిస్తే అంతే," అనేది నేల చూస్తూ.

భర్త లారీ నడుపుతాడు. వెళ్ళాడంటే వారాల తరబడి మనిషి కనబడడు. కొట్లో ఆమెకు తోడు ఆయన అక్క. అట్టపెట్టెలు మడవడం, రిబ్బన్లు కట్టడం వదిన పని. తిట్టడం దానికి అదనం.

"వెన్న ఊరికే ఇస్తున్నారా నీకు? రాత్రి నడుము పట్టేసి మూలిగావే, ఆ మూలుగు ఎవరి ఖాతాలో వేశావు? ధర చెప్పేటప్పుడు ఆ నేల చూపులేంటి, దొంగతనం చేసినదానిలా?"

"కోపం వచ్చి వెళ్ళిపోతారేమోనని వదినా."

"పోతే పోనీ! పోయేది బేరమేగా, ప్రాణం కాదుగా."

వదినకు ఎలా చెప్పాలో ఆమెకు తెలిసేది కాదు. చిన్నప్పుడే తల్లి పోతే ఆమె మేనమామ ఇంట్లో పెరిగింది. అత్త ముఖం చూసి ఇంట్లో గాలి ఎటు వీస్తోందో కనిపెట్టడం ఆమె నేర్చిన మొదటి విద్య. అన్నం చాలకపోతే ఆకలి లేదనేది. దుప్పటి చాలకపోతే చలి లేదనేది. ఆ మాటలన్నీ పెద్దయ్యాక "పర్లేదండీ" అనే ఒక్క మాటలోకి వచ్చి కూర్చున్నాయి.

ఏడాదంతా ఒళ్ళు హూనం చేసుకున్నా చిల్లిగవ్వ మిగల్లేదని తేలాక, వదిన ఒక మధ్యాహ్నం ఆమెను కూర్చోబెట్టింది. వెన్న, గుడ్లు, చక్కెర, కరెంటు, అద్దె, అన్నీ లెక్క వేసింది. ఆఖర్న ఆమె చేతులు పట్టుకుని "వీటికెంత?" అంది. ఇద్దరూ కలిసి ఒక ధర తేల్చారు. కేకు మీది అలంకరణను బట్టి పెరగాలే తప్ప దాని కిందికి దిగకూడదు. వదిన ఒట్టు వేయించుకుంది.

మొదట వచ్చిన పెద్దమనిషికి ఆమె ధర చెప్పింది. నేల చూడకుండా చెప్పింది. ఆయన తల ఊపి బయానా ఇచ్చి వెళ్ళాడు. "చూశావా? ఆకాశం ఊడి పడిందా?" అని వదిన నవ్వింది.

ఆ వారంలోనే గొంతు మొదలైంది.

ఒక టీచరమ్మ తన కూతురి కోసం చేయించిన కేకు తీసుకెళ్ళడానికి వచ్చింది. ఆమె ధర చెప్పగానే టీచరమ్మ తెల్లబోయింది.

"అదేంటండీ? ఆదివారం ఫోన్లో సగానికే ఇస్తానన్నారు!"

"ఆదివారం కొట్టు మూసేస్తామండీ."

"మీరే ఎత్తారు. మీ గొంతు నాకు తెలీదా? నేనేమీ అడక్కుండానే తగ్గించారు. 'పర్లేదండీ' అని నవ్వారు కూడా."

కొట్లో గోడ పక్కన చిన్న బల్ల మీద ల్యాండ్‌లైన్ ఫోను ఉంటుంది. బోర్డు మీద రాసిన నెంబరు దానిదే. షట్టరు దించి తాళం వేశాక దాన్ని ఎత్తడానికి లోపల మనిషి ఉండదు. వెనక తలుపు కూడా లేదు. ఆమె అయోమయంగా సగానికే ఇచ్చేసింది.

టీచరమ్మ అటు వెళ్ళగానే వదిన ముఖం మాడ్చుకుంది. "నాకు చాటుగా తగ్గిస్తున్నావన్నమాట. అంత చేయాల్సిన పనేముంది? నా ముఖం మీదే చెప్పొచ్చుగా, నీ సలహా నాకొద్దని."

"మీ మీద ఒట్టు వదినా, నేను కాదు."

"ఒక ఒట్టు వేశావు, చూశాగా."

తర్వాత ఇంకొకరు వచ్చారు. ఆ తర్వాత మరొకరు. అందరూ కొట్టు మూసి ఉన్న వేళ ఫోను చేసినవాళ్ళే. అందరికీ ఆమే మాట్లాడింది, ఎంతో మర్యాదగా, నవ్వుతూ. ఒకాయనకు క్రీము పూలు ఉచితమంది. ఒకావిడకు పెద్ద కేకును చిన్న కేకు ధరకు ఒప్పుకుంది. కొట్లో ఆమె ఎంత గట్టిగా నిలబడితే ఫోనులో ఆ గొంతు అంత వంగింది. వదిన ఆమెతో మాట్లాడడం మానేసి పెట్టెలు మాత్రం మడిచేది. ఆ మౌనం ఆమెకు తిట్లకన్నా కష్టంగా ఉండేది.

ఒక సాయంత్రం పుట్టినరోజు కేకు ఇవ్వడానికి ఆమె ఒక అపార్టుమెంటుకు వెళ్ళింది. ఇంటినిండా చుట్టాలు, బెలూన్లు. కేకు బల్ల మీద పెట్టి వెనక్కి తిరగబోతుంటే ఇంటావిడ కంగారుగా ఆపింది.

"అప్పుడే వెళ్ళిపోతున్నారేంటి? కోసి అందరికీ పెట్టి, ప్లేట్లు కడిగి వెళ్తానన్నారుగా! నేను వద్దంటున్నా మీరే పట్టుబట్టారు. ఆ మాట నమ్మి పనిమనిషికి సెలవిచ్చేశానండీ."

ఆమెకు కాదంటే ఏమవుతుందో తెలియదు గానీ, కాదనడం చేతకాలేదు. కేకు కోసింది, పంచింది. వంటింట్లో సింకు ముందు నిలబడి, ఎవరెవరో తిని వదిలిన క్రీమును నీళ్ళ కింద వేళ్ళతో తోమింది. ఇంటావిడ పక్కనే నిలబడి మొహమాటంగా అంది:

"ఒక మాట అడగనా? ఏమీ అనుకోకండి. ఫోను పెట్టేసేముందు 'మీకు కోపం రాకుండా ఉంటే చాలు' అన్నారు. నాకు ఒళ్ళు ఒక రకంగా అయిపోయింది. నేనెందుకు కోప్పడతానండీ మీ మీద?"

ఆమె చేతిలోని ప్లేటు జారి సింకులో పడింది. ఆ మాట ఆమె జీవితంలో ఒక్క మనిషితోనే అంది. మేనమామ ఇంట్లో, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, అత్తతో. ఆ తర్వాత ఎవరితోనూ అనలేదు. ఎవరికీ చెప్పనూ లేదు, కట్టుకున్న మొగుడికి కూడా.

మర్నాడు ఆదివారం. భోజనాలయ్యాక ఆమె వదిన గదిలోకి వెళ్ళి, కొట్టు తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"గట్టిగా పట్టుకోండి. నేను మీ ముందే కొట్టుకి ఫోను చేస్తాను."

ఆమె తన మొబైల్లో కొట్టు నెంబరు నొక్కి ఇద్దరికీ వినబడేలా మంచం మీద పెట్టింది. అవతల గంట మోగింది. మోగుతూ ఉంది. వదిన "ఎవరెత్తుతారే పిచ్చిదానా..." అంటూండగా టక్కున ఎత్తిన చప్పుడైంది.

"హలో, కేకుల కొట్టండీ. చెప్పండి."

అది ఆమె గొంతే. కాకపోతే కాస్త లేతగా ఉంది. వదిన గుప్పిట్లో తాళంచెవి ఉంది, మరదలు కళ్ళెదురుగా పెదవులు బిగించుకుని కూర్చుని ఉంది, ఫోనులో మరదలు మాట్లాడుతోంది. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆమె ఫోను మీదికి వంగింది. "రెండంతస్తుల కేకు కావాలి. చక్కెర గులాబీలతో. ఎంతవుతుంది?"

"మీ ఇష్టమండీ. రెండు వేలు ఇవ్వండి."

"ఎక్కువ."

"వెయ్యి ఇవ్వండి, పర్లేదు."

"ఇంకా తగ్గించండి."

"అయితే ఐదు వందలు."

ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ బేరమాడలేదు. ఎదుటి మనిషి వంగుతూ ఉంటే ఇంకా వంచాలనిపించడం ఇంత తేలికని ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఆపుదామనుకుంటూనే ఇంకా తగ్గించమంది. ఆ గొంతు ఊరికే ఇస్తానంది. "ఊరికే అయినా ఎక్కువే," అన్న మాట తన నోటి నుంచే రావడం విని ఆమె ఉలిక్కిపడింది.

అవతల కాసేపు ఊపిరి మాత్రం వినబడింది.

"ఓవెన్ ఉందండీ. అది తీసుకెళ్ళండి. గాజు బీరువా కూడా. ఇంట్లో వదినగారున్నారు. కాళ్ళ నొప్పులు గానీ పని బాగా చేస్తారు, పంపిస్తాను." వదిన ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. "మాట్లాడరేంటండీ? కోపం వచ్చిందా? ఇంకేం లేవండీ నా దగ్గర. చేతులున్నాయి. చేతులు తీసుకుంటారా?"

ఫోనులో సొరుగు లాగిన చప్పుడు. కొట్లో ఆ ఒక్క సొరుగే బిగుసుకుని కిర్రుమంటుంది. కత్తులుండే సొరుగు అది. ఇక్కడ మంచం మీద, వదిన పట్టుకున్న చోట కాదు, రెండో మణికట్టు మీద, ఆమెకు చల్లగా ఇనుము తగిలినట్టయింది.

"ఆగు!" అని అరిచింది. "ముట్టుకోకు. కత్తి కింద పెట్టు."

"మీకు కోపం..."

"నాకేం కోపం లేదు. విను. ఆ కేకు ధర ఆరు వేలు. గులాబీలు చేయడానికే ఒక పూట పడుతుంది. అది మన చేతి పని. అంతకు ఒక్కటి కూడా తగ్గదు. ఇష్టమైతే తీసుకుంటారు, లేకపోతే లేదు."

"అంతంటే వెళ్ళిపోతారేమో."

"వెళ్ళనీ."

ఈసారి మాట చాలా చిన్నగా వచ్చింది, తలుపు చాటు నుంచి మాట్లాడినట్టు. "అత్తకు కోపం వస్తుందేమో."

ఆమె కళ్ళు నిండిపోయాయి. "రానీ. వస్తే ఏం చేస్తుంది?"

"అన్నం పెట్టదు."

"నేను పెడతాను," అంది ఆమె. "ఇక్కడ అత్త లేదు. నేనున్నాను. నేను పెడతాను నీకు."

అవతల ఫోనును నెమ్మదిగా, చప్పుడు కాకూడదన్నంత జాగ్రత్తగా పెట్టేసిన చప్పుడు వచ్చింది.

వదిన కాళ్ళ నొప్పులు కూడా మరిచిపోయి ఆమెతో పాటు కొట్టు దాకా నడిచింది. పట్టపగలు, వీధిలో జనం, సైకిళ్ళు. షట్టరు తాళం వేసింది వేసినట్టే ఉంది. ఎత్తి చూస్తే ఎవరూ లేరు. కత్తుల సొరుగు బయటికి లాగి ఉంది. పెద్ద కత్తి బల్ల మీద ఉంది. ఆమె ఫోను రిసీవరు ఎత్తింది. మాట్లాడే చోట ఆవిరి పట్టి తడిగా ఉంది, అద్దం మీద ఊపిరి వదిలితే పట్టినట్టు.

"ఈ ఫోను ఇప్పుడే పీకించేద్దాం," అంది వదిన.

"వద్దు వదినా."

ఆమె ఓవెన్ వెలిగించింది. వదిన గుమ్మంలో స్టూలు వేసుకుని ఒక కన్ను వీధి మీద, ఒక కన్ను ఫోను మీద పెట్టి కూర్చుంది. ఆమె చిన్న కేకు చేసింది. వెన్న తగ్గించలేదు. పైన చక్కెర గులాబీ కూడా పెట్టింది. వదినకు ఒక ముక్క కోసి ఇచ్చింది. వదిన తినకుండా పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఆమెను పరీక్షగా చూసింది.

"దీని ధరెంత?"

"మీకు ధరేంటి వదినా?"

"చెప్పవే. నేనూ మనిషినే, ఊరికే తినేదాన్ని కాదు."

ఆమె వదిన కళ్ళలోకి చూసి చెప్పింది, కొట్టు ధర, పూర్తి ధర. వదిన కొంగుముడి విప్పి, ఒక్కో నోటూ సాగదీసి లెక్కపెట్టి ఇచ్చింది. "నిన్ను అనుమానించాను. దానికి వేరే ఇచ్చుకుంటాలే," అని ముఖం తిప్పుకుని కేకు తినడం మొదలుపెట్టింది.

ఇంకో ముక్క ఆమె పళ్ళెంలో పెట్టి ఫోను పక్కన ఉంచింది. షట్టరు దించి ఇద్దరూ ఇంటికి వెళ్ళిపోయారు.

పొద్దున్నే వచ్చి చూస్తే పళ్ళెంలో కేకు లేదు. పళ్ళెం కూడా ఫోను పక్కన లేదు. సింకు దగ్గర, శుభ్రంగా కడిగి, బోర్లించి ఉంది. కింద నీటి చుక్కలు ఇంకా ఆరలేదు. వదిన దాన్ని కర్రతో కూడా ముట్టుకోనంది. ఆమె మాత్రం తీసి, తుడిచి, మిగతావాటితో కలిపి పెట్టింది.

ఆ రోజే పెళ్ళి ఆర్డరుతో ఒక పెళ్ళికూతురి తండ్రి వచ్చాడు. ఆమె ధర చెప్పగానే "నిన్న ఫోన్లో..." అని మొదలుపెట్టాడు. "నిన్న ఫోన్లో మీకు ఎవరూ ఏమీ చెప్పలేదండీ," అంది ఆమె, గొంతు పెంచకుండా. ఆయన ఇబ్బందిగా నవ్వి, నిజమే, ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదని ఒప్పుకున్నాడు. ఏదో ఒక రాయి వేసి చూద్దామనుకున్నాడట. కాసేపు గొణిగాడు. బేరం తెగక వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆమె ఆ పూటంతా గుమ్మం వైపు చూస్తూనే పని చేసుకుంది. సాయంత్రానికి టీచరమ్మ వచ్చి, బడి వేడుకకు పెద్ద కేకు కావాలని, చెప్పిన ధరకు మారు మాట్లాడకుండా బయానా ఇచ్చి వెళ్ళింది.

ఫోను ఇప్పటికీ ఆ బల్ల మీదే ఉంది. పని మధ్యలో చేతులనిండా క్రీము ఉన్నా, మొదటి గంట పూర్తిగా మోగేలోపే కేకులావిడ పరిగెత్తుకెళ్ళి తనే ఎత్తుతుంది. షట్టరు దించేముందు మాత్రం ప్రతిరోజూ ఒక ముక్క పళ్ళెంలో పెట్టి వెళ్తుంది. దాని ఖరీదు ఏ ఖాతాలో వెయ్యాలని వదిన ఇంతవరకూ అడగలేదు.