మాత్ర మింగితే పోని నొప్పి

జూన్ నెల వచ్చిందంటే ఆరోగ్యమేరి కుట్టుమిషను చప్పుడు ఆగేది కాదు. అనకాపల్లిలో ఆ వీధి పిల్లల బడి యూనిఫారాలన్నీ ఆమే కుట్టేది. బెల్లం మార్కెట్లో కాటా వేసే ఆమె భర్త ఎలియాజరు సాయంత్రం ఇంటికొచ్చేసరికి, మేరి మిషను మీదికి వంగి, మధ్యమధ్య ఎడమచెయ్యి వెనక్కి పోనిచ్చి కుడి రెక్క ఎముక పక్కన నొక్కుకుంటూ కనిపించేది. చూసి చూసి అతనికి అలవాటైపోయింది. అది బాధ అన్న సంగతే మరిచిపోయాడు.

"ఇక్కడ మేకు దిగ్గొట్టినట్టుంటాదండీ" అనేది మేరి.

"నీడపట్టున కూకుని సేసే పనికి నొప్పేటే? బస్తాలు మోసేవోళ్ళు ఇంకేటి సెప్పుకోవాల?" అనేవాడు ఎలియాజరు. అంతలోనే జాలిపడి మందుల షాపు నుంచి నొప్పి మాత్రలు తెచ్చిచ్చేవాడు. డాక్టరు చీటీ ఉందా అని అక్కడ ఎవరూ అడగలేదు. మాత్ర వేసుకుంటే ఆ పూట గడిచేది. మర్నాడు మళ్ళీ మామూలే. ఇలాగే ఏళ్ళు దొర్లిపోయాయి.

ఒకనాటి ఉదయం వీధి కుళాయి దగ్గర బిందె ఎత్తబోయిన మేరి కడుపు పట్టుకుని కూలబడింది. వాంతిలో నెత్తురు కనిపించింది. ఎలియాజరు పరుగెత్తుకొచ్చాడు. ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు.

కడుపులో పుండు పడిందన్నారు. పరగడుపున మింగుతూ వచ్చిన ఆ మాత్రలే దానికి కారణమన్నారు. మేరి కాస్త తేరుకున్నాక, ఆ మాత్రలు దేనికని అడిగి, డాక్టరు లక్ష్మీకుమారి రెక్క నొప్పి సంగతి ఎత్తుకుంది. ఎక్సరే తీయించింది. దగ్గు, ఆయాసం, చేతి తిమ్మిరి ఉన్నాయేమో కనుక్కుంది. అవేవీ లేవు. రెక్క ఎముకకీ వెన్నుకీ నడుమ వేలితో నొక్కగానే మేరి "అమ్మా!" అని మెలికలు తిరిగిపోయింది.

"కండ బిగుసుకుపోయి ముడిలా ఉంది. ఈమె ఏం పని చేస్తుంది?"

"ఇంట్లోనే ఉంటాదండి. ఏదో బట్టలు కుడతాది" అన్నాడు ఎలియాజరు.

"మీరు కాదండీ, ఆమె చెప్పాలి. లేచిన దగ్గర్నుంచీ చెప్పమ్మా."

మేరి మొదట సిగ్గుపడింది. తర్వాత నెమ్మదిగా అందుకుంది. "తెల్లారకుండానే నీళ్ళకెళ్తానండి. బిందెలన్నీ కుడి సంకనే మోత్తాను. వంటయ్యాక మిషనెక్కుతాను. స్టూలు పొట్టిదండి, మెడ వాల్చి బుజాలు పైకెత్తి కుట్టాల. లెగిత్తే పని సాగదని లెగను. మజ్జానం బట్టలుతుకుతాను, మళ్ళీ కూకుంటాను. పడుకుంటే ఆ పక్కకి తిరగలేనండి."

ఎలియాజరు తల వంచుకున్నాడు. అదంతా తన ఇంట్లో, తన కళ్ళ ముందు జరుగుతున్నదే. ఆమె పరాయి మనిషికి చెప్పుకుంటే గానీ అతని చెవికెక్కలేదు.

"వంగి కూర్చుంటే రెక్కల మధ్య కండలు గంటల తరబడి సాగి ఉంటాయి. వాటికి విశ్రాంతి లేదు. నొప్పి మాత్ర నొప్పిని కాసేపు కప్పుతుంది, అంతే" అంది డాక్టరు. "స్టూలు ఎత్తు చెయ్యండి. నువ్వు మధ్యమధ్య లేచి నాలుగడుగులు నడువమ్మా. వేడినీళ్ళ కాపడం పెట్టుకో. భుజాలు వెనక్కి లాగి, రెక్కలు దగ్గరికి తెచ్చి, కాసేపు ఆపి వదులు. రోజూ చెయ్యాలి. బరువులు మాత్రం ఇప్పుడు మొయ్యకూడదు. ఛాతీలో నొప్పి వచ్చినా, చెయ్యి తిమ్మిరెక్కినా వెంటనే రా." ఆ తర్వాత ఎలియాజరు వైపు తిరిగింది. "సగం వైద్యం మీ చేతుల్లో ఉందండీ."

మర్నాడు బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడ్డ ఎలియాజరుని చూసి పక్కింటి హనోకు నవ్వాడు. "ఏటి బావా, ఆడోళ్ళ పని నువ్వు సేత్తన్నావు?"

ఎలియాజరు ముఖం ఎర్రబడింది. అయినా బిందె దించలేదు. "నీళ్ళు నేనూ తాగుతాను గదా బావా! మా ఇంటిది నెత్తురు కక్కుకునే దాకా నాకు కళ్ళు తెరుసుకోలేదు. నువ్వయినా ముందు తెరువు."

హనోకు నవ్వు ఆగిపోయింది.

మేరి నొప్పి ఒక్కసారిగా మాయం కాలేదు. వర్షాలు తగ్గుముఖం పట్టేసరికి కుడిపక్కకి తిరిగి పడుకోగలిగింది. పని ఎక్కువైన రోజున సలుపు ఇప్పటికీ పలకరిస్తుంది. అప్పుడు ఆమె మిషను ఆపి లేస్తుంది. ఎందుకు లేచావని ఆ ఇంట్లో ఎవరూ అడగరు.

మన ఇళ్ళల్లో ఎవరైనా భుజం పట్టుకుని కూర్చుంటే, మాత్ర తెచ్చి ఇచ్చేముందు వాళ్ళు రోజంతా చేసిన పనేమిటో అడిగి విందాం. విని, అందులో కొంత మనం అందుకుందాం.