ముడి కింద అక్షరం

పరుగంటే కాళ్లు చేసే పని అనే జీవరత్నం అన్నాళ్లూ నమ్మింది. డెబ్బై తొమ్మిదిలో, జొన్నచేలు కోతకొచ్చిన రోజుల్లో ఒక సోమవారం పొద్దున, నంద్యాల కాలేజీ మైదానంలో ప్రభుదాసు సారు ఆ నమ్మకం మీద నీళ్లు చల్లాడు. మిలిటరీలో పనిచేసి వచ్చి డ్రిల్లు మాస్టరైన మనిషి ఆయన. అమ్మాయిల చేతుల్లో తలా ఒక పటం, తలా ఒక దిక్సూచి పెట్టి, "పరిగెత్తేదానికేముంది, గాడిద గూడా పరిగెత్తుతాది. యాడికి పోతాండామో తెలిసుండాల," అన్నాడు.

ఆ ఆటకు ఇంగ్లీషులో నోరు తిరగని పేరేదో ఉంది. అమ్మాయిలు మాత్రం పటం పరుగు అనేశారు. గుట్టల్లోనూ చిట్టడవిలోనూ అక్కడక్కడా గుర్తులు పెడతారు. పటం చూసుకుంటూ పోయి ఒక్కొక్క గుర్తునూ వెతికి పట్టుకోవాలి. అక్కడున్న అక్షరాన్ని చేతిలోని అట్టముక్క మీద రాసుకోవాలి. ఒకరి వెనక ఒకరిని కాసేపు ఆగి ఆగి వదులుతారు. అన్ని అక్షరాలతో ఎవరు తక్కువ సేపట్లో తిరిగొస్తే వాళ్లది గెలుపు. ఒక్క అక్షరం తప్పితే మాత్రం గాలికంటే వేగంగా వచ్చినా బూడిదలో పోసిన పన్నీరే.

పోటీ ఆదివారం. గెలిచిన అమ్మాయికి రాష్ట్ర జట్టులో చోటు దొరుకుతుంది. ఆ జట్టులోకి పోయిన వాళ్లకు హైదరాబాదులో డ్రిల్లు టీచరు ట్రైనింగుకు సీటు దొరికినట్టేనని సారు చెప్పాడు. ఓడిపోతే జీవరత్నానికి నర్సు ట్రైనింగు రాసిపెట్టి ఉంది. మేనమామ అన్నీ మాట్లాడేశాడు, ట్రంకుపెట్టె కూడా సర్దేశారు. కోడిని కోస్తే కళ్లు తిరిగే పిల్ల ఆసుపత్రిలో ఏం వెలగబెడుతుందో ఎవరూ ఆలోచించలేదు. "ఈ ఒక్కసారికి పరిగెత్తు," అంది తల్లి కమలమ్మ. "గెలిస్తే నీ ఇష్టం. ఓడితే మారుమాట లేకుండా బస్సెక్కాల." ఆ మాటకే జీవరత్నం నోరు తెరుచుకుని నిలబడిపోయింది. తల్లి ఆ మాత్రమైనా దిగివస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

కమలమ్మ ఆళ్లగడ్డకు తూర్పున, కొండ కింద పల్లెలో మిషన్ బడి టీచరు. బడీ గుడీ అక్కడ ఒకే గది. వారమంతా బడి, ఆదివారం ఆరాధన. భర్త సామ్యేలు వెదురు కొట్టే పనికి నల్లమలలోకి పోయి తిరిగి రాలేదు. అప్పటికి జీవరత్నం చంకలో పిల్ల. ఊరి ఆడవాళ్లంతా వచ్చి, అడవి మొగదల ఉన్న మోదుగ చెట్టుకు ఒక గుడ్డపీలిక కట్టి మొక్కుకోమని కమలమ్మను బతిమాలారట. "నా దేవుడు చెట్లకు వేలాడడు," అని ఆమె కట్టలేదు. మనిషి రాలేదు, ఆమె మాట కూడా మారలేదు. సంఘపెద్ద సంజీవయ్య ఏటా ఒకసారైనా ఆ సంగతి ఆరాధనలో చెప్పి, విశ్వాసమంటే కమలమ్మది అనేవాడు. చిన్నప్పుడు పక్కింట్లో ప్రసాదం తిన్నందుకు జీవరత్నం వీపు మీద పడిన దెబ్బలు కూడా ఆ విశ్వాసంలో భాగమే.

నంద్యాలలో ఆ వారం చచ్చేంత పని అయింది. పొద్దున కాలవగట్టు మీద పరుగు, సాయంత్రం చేలల్లో పటం పని. నల్లరేగడి బూట్లకు అంటుకుని కాళ్లు గుండ్రాళ్లలా బరువెక్కేవి. రైలుపట్టాల పక్కన దిక్సూచి ముల్లు కల్లు తాగినదానిలా ఊగింది. ఇనుము దగ్గర దాన్ని నమ్మకూడదని తెలియక జీవరత్నం ఉత్తరమనుకుని పోయి పోయి ఒక బియ్యం మిల్లులో తేలింది. "ఏందమ్మా, నూకలు గావాల్నా?" అని మిల్లువాళ్లు నవ్వారు. ఆ రాత్రి ఏడ్చి, మర్నాటి నుంచి పళ్లు బిగించింది. శుక్రవారానికల్లా కర్నూలు నుంచి వచ్చిన సరస్వతి ఒక్కతే ఆమెకు సాటి.

శనివారం అందరూ బస్సులో ఆళ్లగడ్డకు, అక్కడి నుంచి కొండ కింద పల్లెకు చేరారు. పోయినేడు గుర్తులకని రేకు పలకలు పెడితే గొర్రెలకాపరులు పీక్కుపోయి పాకల మీద కప్పుకున్నారు. అందుకని ప్రభుదాసు సారు ఈసారి తెలివిగా ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే స్నేహితుడిని పట్టుకున్నాడు. మోకాలెత్తు రాళ్ల మీద ఒక్కొక్క అక్షరం లోతుగా చెక్కించి, గురువారమే చెట్ల కింద పాతించి, దూరానికి కనబడాలని పైకొమ్మకు ఎర్రదీ తెల్లదీ గుడ్డ కట్టించాడు. "రాయినెవురెత్తుకపోతారు?" అని మీసం తిప్పాడు.

నిజమే, ఎవరూ ఎత్తుకుపోలేదు. అమ్మాయిలను వెంటబెట్టుకుని ఒక గుర్తు చూపించడానికి పోయిన సారు అక్కడే కొయ్యబారిపోయాడు. రాయి నిండా పసుపు, పసుపు మీద కుంకుమ, ముందర కొబ్బరిచిప్పలు. మోదుగ చెట్టు కొమ్మ కొమ్మకూ గుడ్డపీలికలు. నాగేశ్వరమ్మ అనే పెద్దావిడ మూడు రాళ్ల పొయ్యి మీద పొంగలి వండుతోంది.

"ఏందమ్మా ఇది?" అన్నాడు సారు.

"అక్షరాల తల్లి. మొన్న వెలిసింది."

"తల్లి గాదు, నా గుర్తు! నేను పాతించిన రాయి!"

నాగేశ్వరమ్మ గరిటె ఆపలేదు. "ఆళ్లగడ్డలో చెక్కిన రాయి. చెట్టు కింద నిలబెడితివి. పైన గుడ్డ గడితివి. ఇంగ దేవత గాదంటే ఎట్లప్పా?"

మిలిటరీలో తుపాకులకు బెదరని మనిషి గడ్డం గోక్కున్నాడు. అమ్మాయిలు నవ్వాలో భయపడాలో తెలియక ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చివరికి పొద్దుగుంకే వేళకు రాజీ కుదిరింది. అమ్మాయిలు రాయిని ముట్టుకోవచ్చు, అక్షరం కనబడకపోతే పసుపు తుడుచుకోవచ్చు. మొక్కుగా కట్టిన ముడి మాత్రం ఎవరూ విప్పకూడదు. "కట్టిన చెయ్యే ఇప్పాల," అంది నాగేశ్వరమ్మ. "కోరిక తీరకముందే ఇంగొకరిప్పితే అది ఎదురు తిరుగుతాది." సారు అమ్మాయిలందరి చేతా సరేననిపించాడు.

ఆ సాయంత్రం ఇంట్లో జీవరత్నం ఇదంతా చెప్పి విరగబడి నవ్వింది. కమలమ్మ నవ్వలేదు. "ఏ రాయి దగ్గర?" అని మాత్రం అడిగింది.

"అడవి మొగదల ఉన్నదానికాడ. నాయన పోయిన దోవలోదే."

తల్లి లేచి పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

ఆదివారం ఆరాధన మానుకుని పరిగెత్తడం జీవరత్నానికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. చీటీలు తీస్తే సరస్వతి పేరు ఆమెకు ముందు, ఆమె పేరు అందరికంటే చివర వచ్చింది. పేరు పిలవగానే బడి ముందరి గీత దాటి దూకింది. మొదటి రాయి గుట్టవెనక వాగులో, రెండోది బండల సందులో. పసుపు తుడవడం, అక్షరం రాసుకోవడం, పటం తిప్పుకోవడం, పరుగు. వారమంతా పెట్టిన చాకిరీ అంతా ఒంట్లోంచి పలుకుతోంది. దోవ తప్పలేదు, ఒక్కచోట కూడా నిలబడి ఆలోచించలేదు. గుట్ట దిగేటప్పుడు దూరాన సరస్వతి రిబ్బను కనిపించింది. తన వెనక ఇంకెవరూ లేరు. ముందు బయలుదేరిన మనిషిని కళ్లతో చూసిందంటే పోటీ తనదే. గెలుస్తున్నానని ఆ క్షణాన ఆమెకు తెలిసిపోయింది.

మిగిలింది చివరి రాయి, అడవి మొగదల మోదుగ చెట్టు కిందిది. నాగేశ్వరమ్మ లేదు, పొయ్యి ఆరిపోయి ఉంది. రాయి చుట్టూ ఒక చీరపీలికను వరసలు వరసలుగా బిగించి, ముందువైపున గట్టిగా ముడి వేశారు. తడి పసుపు ఇంకా ఆరలేదు. అక్షరం పూర్తిగా ఆ గుడ్డ కింద ఉంది.

జీవరత్నం చెయ్యి చాపి, చాపిన చెయ్యి అలాగే ఉంచేసింది. బూడిదరంగు నేత, నీలం అంచు. అంచు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన చిన్న మచ్చ. ఆ మచ్చ పడినందుకు తిట్లు తిన్నది తనే. క్రిస్మసుకూ ఈస్టరుకూ తప్ప అమ్మ పెట్టెలోంచి తియ్యని చీర అది.

అమ్మ! ఊరంతా బతిమాలినా, మొగుడే పోయినా కట్టని అమ్మ! ఎండ చుర్రుమంటున్నా ఆ పిల్ల ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఇన్నేళ్లూ సంజీవయ్య చెప్పిన మనిషి ఎవరు, ఈ ముడి వేసిన మనిషి ఎవరు? తనకు తెలిసిన తల్లి కాళ్ల కింది నేలలా ఉండేది, ఆ నేలే కదిలిపోయింది.

ముడి విప్పితే రెప్పపాటులో అక్షరం తెలిసిపోతుంది. చూసేవాళ్లు కూడా లేరు. ఇచ్చిన మాట సంగతి అటుంచితే, అమ్మ ఏమని మొక్కుకుని కట్టిందో ఆమెకు తెలుసు. బిడ్డ అడవిలోంచి క్షేమంగా బయటికొచ్చేదాకా ముడి ఉండాలని. విప్పడానికి వేళ్లు రాలేదు. పీలికను పైకి నెట్టి చూసింది. తడిసి బిగిసిన గుడ్డ కదల్లేదు. కళ్లు మూసుకుని, గుడ్డ మీదనుంచే రాయిని తడిమింది. శిల్పి ఉలి లోతుగానే దిగింది. పైన తలకట్టు, కింద గుండ్రం, లోపలికి మడిచిన గీత. వ. రాసుకుని పరిగెత్తింది.

బడి ముందరి గీత దాటేసరికి ఆమె కంటే తక్కువ సేపట్లో వచ్చినవాళ్లు ఎవరూ లేరు. అమ్మాయిలు ఎత్తి తిప్పారు. సారు అట్టముక్క చూసుకుంటూ వస్తున్నవాడల్లా చివర్లో ఆగిపోయాడు.

"ఇదేందమ్మా? కడపటి రాయి మీద ఉండేది మ. నువ్వు వ రాసిండావ్."

మ అంటే వ పక్కన ఒక తోక. ఆ తోక మీదనే సరిగ్గా ముడి కూర్చుంది. జీవరత్నానికి చుట్టూ ఉన్న మనుషులు ఎక్కడో దూరంగా జరిగిపోయినట్టనిపించింది.

"గుడ్డ కట్టిండారు సారూ. అక్షరం కనబళ్లే. తడిమి రాసినా."

"నేను చూసినప్పుడు గుడ్డ లేదే," అంది సరస్వతి. ఆ పిల్ల అబద్ధమాడలేదు.

సారు తల పట్టుకున్నాడు. "నువ్వు రాకముందు కట్టినారా, నువ్వు పోయినాక కట్టినారా? కట్టినోళ్లొచ్చి చెప్తే ఆ రాయిని అందరి లెక్కలోంచి తీసేస్తా. ఊరికే నీ మాట మీద ఎట్ల తీసేదమ్మా? ఎవురిదా గుడ్డ? నీకేమన్నా తెలుసునా?"

సరిగ్గా అప్పుడే ఆరాధన ముగిసింది. బడిగదిలోంచి సంజీవయ్య, ఆయన వెనక సంఘమంతా బయటికొచ్చి, గొడవేమిటని చుట్టూ మూగారు. పాటలు పాడించి వచ్చిన కమలమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది, కుడిచేయి కొంగు కింద దాచుకుని.

జీవరత్నం తల్లి వైపు చూడకుండా ఉండడానికి నేల వైపు చూసింది. ఒక్క మాట చెబితే చాలు, హైదరాబాదు. ఆ మాట చెబితే ఇందరిలో అమ్మ తల ఏమవుతుంది? ట్రంకుపెట్టె కళ్ల ముందు మెదిలింది.

"తెలీదు సారూ," అంది.

"అయితే నేనేం జేసేది లేదు," అని సారు అట్టముక్క మీద పెన్ను పెట్టబోయాడు.

"ఆగు సారూ!"

గుంపు చీలింది. కమలమ్మ మెట్టు దిగి వచ్చి, కొంగు కింది నుంచి చెయ్యి తీసి అందరికీ కనబడేలా ఎత్తింది. అరచేయంతా పసుపు. ఎంత తోముకున్నా పోనట్టుంది, గీతలు గీతలుగా ఉంది.

"నేనే కట్టినా. వాక్యం చెప్తాంటే బయటికొచ్చి, ఈ సరస్వతి రాయి చూసి పోయినాక, నా బిడ్డ రాకముందు కట్టి, అడ్డదోవన తిరిగొచ్చినా. నా చీరది."

సంజీవయ్య నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. "కమలమ్మా... నువ్వా?"

"నేనే అయ్యా."

"ఇన్నేండ్లు నీ సాక్ష్యమే గదమ్మా మాకు..."

"అప్పుడు కట్టకుంటి. మనిషి రాలే. కట్టింటే వచ్చునేమోనని యా రోజు నిద్రపోయినానో దేవునికే ఎరక. బిడ్డ ఆ అడవి మొగానికి పోతాంటే ఇంగ నా చేతగాలే. నన్నేమన్నా అనండి, బడిలోంచి తీసేయండి. బిడ్డ పరుగు మాత్రం దానికియ్యండి. అక్షరానికి అడ్డం పడింది నేను."

సంజీవయ్య చేతిలోని బైబిలు అటూ ఇటూ మార్చుకున్నాడు. బడి సంగతి కమిటీలో మాట్లాడాలి అన్నాడు చివరికి, ఎవరినీ చూడకుండా. ప్రభుదాసు సారు చివరి రాయిని అందరి లెక్కలోంచి కొట్టేసి, మిగిలిన అక్షరాలు సరిచూసి, గెలిచింది జీవరత్నమని చెప్పాడు. చప్పట్లు కొట్టాలో లేదో తెలియక జనం ఊరుకున్నారు. మొదట చప్పట్లు కొట్టింది సరస్వతి.

జీవరత్నం అవేవీ వినలేదు. తల్లి అప్పటికే అడవి మొగం వైపు నడుస్తోంది. వెనకే పరిగెత్తింది.

"యాడికిమా?"

"ముడి ఇప్పొద్దూ? కట్టిన చెయ్యే ఇప్పాలంట గదా." నాలుగడుగులేశాక తిరగకుండానే అంది, "ఇప్పి చూసుకోవాల్సింది గదే పిచ్చిముండా. ఓడిపోతే ఏం జేసేదానివి?"

"నువ్వు కట్టింది నేనెట్ల ఇప్పేది?"

కమలమ్మ దోవలోనే చతికిలబడింది. భర్త రాడని తెలిసిన రోజు కూడా ఏడవలేదని ఊరంతా చెప్పుకునే మనిషి, ఆ పసుపుచేయి మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. జీవరత్నం ఏం చెయ్యాలో తెలియక పక్కన కూర్చుని, చేతిలో నలిగిపోయిన పటంతో అమ్మకు గాలి విసిరింది.