మంచుబొట్టులో ఎర్రమచ్చ

మాల్లె రోజూ తెల్లవారగానే రబ్బరు బూట్లు తొడుక్కుని, చెక్కబాట మీదుగా చిత్తడినేలలోకి నడిచేది. ఎండెక్కితే మంచు ఆరిపోతుంది, గాలి లేస్తే ఆకులు కదులుతాయి. ఆ లోపల దొరికే గంటే ఆమెది. తడి నాచు మీద బోర్లా పడుకుని, వెనకున్న గడ్డిపోచల్ని మెల్లిగా పక్కకు వంచి, నీడవైపు వెలుతురు పడేలా తెల్లకాగితం నిలబెట్టి, వేలెడంత మొక్కకు పాతిక ఫొటోలు తీసేది. ఒక్కోదానికీ లెన్సును వెంట్రుకవాసి జరిపేది. ఇంటికెళ్లి ఆ పాతికనీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే బొమ్మ చేస్తే, ఆకు కొన నుంచి కాడ దాకా అంతా స్పష్టంగా తేలేది.

ఆమె బొమ్మల్లో మంచుబొట్లు మాత్రం ఆరేవి కావు. ఎక్కడ తీసిందో ఆ చోటు ఈ క్షణాన ఎలా ఉందో, ఆ బొట్టులో తలకిందులుగా కనబడేది. ఊళ్లో అందరికీ తెలిసిందే. కొట్లో గల్లాపెట్టె వెనక ఒక బొమ్మ తగిలించుకున్నారు. పళ్లు ఏరడానికి వెళ్లేవాళ్లు మెడ వంచి దాంట్లోకి చూసి, "అటు వాన మొదలైంది" అనుకుని వానకోటు కోసం వెనక్కి పోయేవాళ్లు.

మొన్న ఏప్రిల్లో ఓ పొద్దున మాల్లె బొమ్మ సరిచేస్తుంటే, బొట్టులో నలుసంత నల్లమచ్చ కనబడింది. లెన్సు మీద దుమ్మనుకుంది. ఒక్క నొక్కుతో చెరిపేసింది. ఆ మచ్చ ఆమె భర్త కాల్యు. గుండె పట్టుకుని చెక్కబాట చివర కూలబడిపోయాడు. ఎవరో చూసేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. ఆమె ఏడవనూ లేదు. అంత్యక్రియలకు వచ్చినవాళ్లకి కాఫీ పోసింది, కప్పులు కడిగింది, మర్నాడు మళ్లీ బూట్లు తొడుక్కుంది. అప్పట్నుంచి ఆమెకు చలి తెలియడం మానేసింది. ఓసారి పొయ్యి తలుపు తగిలి చెయ్యి కాలితే, వాసనొచ్చాక గానీ చూసుకోలేదు. బొట్లలోకి చూడకుండా బొమ్మలు సరిచేయడం అలవాటు చేసుకుంది. పని ఇదివరకటికంటే శుభ్రంగా ఉందని తార్తు నగరంలో క్యాలెండర్లు అచ్చువేసే ఇంద్రెక్ మెచ్చుకునేవాడు.

సెప్టెంబరు చివర్లో అతనే ఫోన్ చేశాడు.

"మాల్లెగారూ, అక్టోబరు బొమ్మ అదిరింది. క్రాన్‌బెర్రీ ఎర్రపళ్ల తీగని ఓ మూలకి తోసి, మిగతాదంతా ఖాళీగా వదిలేశారు చూడండీ, అదీ పనంటే. ఒక్కటే చిక్కు. బొట్టులో ఎర్రమచ్చ ఉంది. కన్ను ఊరికే అక్కడికే పోతోంది."

"పండు నీడేమో."

"పండు ఇటుంటే మచ్చ అటుందండీ. నిన్న లేదు కూడా. చెరిపేస్తే ఇవాళే అచ్చుకి పంపేస్తా."

"సరే, చెరిపేస్తాను."

బొమ్మ తెరిచింది. బాణం గుర్తును మచ్చ మీద పెట్టింది. వేలు మీట మీద ఉంది. దిగలేదు. భయమూ లేదు, దుఃఖమూ లేదు. వేలు ఎవరిదో అయినట్టు అలా ఆగిపోయింది, అంతే. మాల్లె దానివంక కాసేపు చూసింది. తర్వాత రెండో చేత్తో బొమ్మను పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది, తలకిందులు తిప్పింది.

ఎర్రటి తలగుడ్డ. పక్కింటి లైనె. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి నడుం దాకా నీటిగుంటలో దిగబడి, ఓ చేత్తో నాచును పట్టుకుని ఉంది.

మాల్లె అంబులెన్సుకి ఫోన్ చేసి, కొట్టంలోంచి పొడుగాటి చెక్క లాక్కుని పరిగెత్తింది.

"వచ్చావా తల్లీ!" అంది లైనె, పళ్లు టకటకలాడుతుండగా. "గంట నుంచి అరుస్తున్నా. ఈ ఊళ్లో ఒక్కరికన్నా చెవులున్నాయా?"

"కదలకు లైనెత్తా. ఈ చెక్క పట్టుకో."

"ముందు బకెట్టు తియ్యవే. అయిదు లీటర్ల పళ్లు. ఒలికాయంటే నీ సంగతి చెప్తా."

"కాలు విరిగినట్టుంది నీకు."

"కాళ్లు రెండున్నాయిలే. బకెట్టు ఒక్కటే."

మాల్లె ముందు బకెట్టు తీసింది, తర్వాత మనిషిని. ఇంకో అరగంట ఆ నీళ్లలో ఉంటే దక్కేది కాదని ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు.

సాయంత్రం ఇంద్రెక్ మళ్లీ ఫోన్ చేశాడు. "మచ్చ పోయిందండీ. చెరిపేసినట్టున్నారు, థాంక్సండీ."

"చెరపలేదు," అంది మాల్లె. "అది ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది."

"ఓహో," అన్నాడు ఇంద్రెక్. "అయితే సరే. అచ్చుకి పంపేస్తా."

రెండ్రోజులకు లైనెను ఆస్పత్రి నుంచి పంపించేశారు. ఆమె పడకగది మేడ మీద. మోకాలి దాకా కట్టుతో మెట్లెక్కలేదు. రమ్మని మాల్లె పిలిచిందీ లేదు, వస్తానని లైనె అడిగిందీ లేదు. అంబులెన్సువాళ్లు ఎక్కడ దించమంటారని అడిగితే, మాల్లె తన ఇంటి తలుపు తీసి పట్టుకుంది.

మర్నాడు పొద్దున బార్లీ జావ కాచి గిన్నెలో పోసిచ్చింది. లైనె ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఇదేంటే? ఉప్పేదీ?"

"వెయ్యలేదా?"

"నన్నడుగుతావేం? నీ నోరేమైంది?"

మాల్లె తపేలాలోంచి చెంచాడు తీసుకుని రుచి చూసింది. గోడవంక చూస్తూ నిలబడింది. "ఎన్నాళ్ల నుంచి వెయ్యట్లేదో," అంది నెమ్మదిగా.

లైనె ఉప్పుడబ్బా ఆమెవైపు జరిపింది.

మాల్లె చిటికెడు వేసి కలిపింది. నోట్లో పెట్టుకుంది. మరో చిటికెడు వేసింది. ఈసారి చెంచా నోట్లోంచి తీయకుండా చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"ఎలా ఉంది?" అంది లైనె.

"ఇంకొంచెం పడాలి," అంది మాల్లె.