కుడిచేతి స్వరాలు

ఆ ఇంట్లో పొద్దున్నే టీ కప్పు ఎవరి చేతికైనా ఇస్తారు గానీ అత్తగారి చేతికి మాత్రం ఇవ్వరు. ఆమె ముందున్న బల్లమీద పెట్టి, పైగదిలో కీబోర్డు ఆగిందో లేదో చెవి ఒగ్గి విని, అప్పుడు "తాగమ్మా" అంటుంది కూతురు. అల్లుడు పైన పని మొదలుపెట్టాడంటే చాలు, అత్తగారి చేతులు ఆమె మాట వినవు. వాటంతట అవే లేచి, గాలిలో ఏదో మోగించి, మళ్ళీ ఒళ్ళో పడతాయి.

ఇందులో వింతేమీ లేదు. అల్లుడు సినిమాలకు నేపథ్య సంగీతం చేస్తాడు. అత్తగారు రిటైరయ్యేదాకా ఒక పెద్ద వాద్యబృందంలో కంచు గిన్నెలు వాయించింది. సముద్రం అవతలి దీవుల వాద్యం అది. బోర్లించిన గిన్నెలు చెక్క చట్రంమీద రెండు వరసల్లో ఉంటాయి, ఒక్కో గిన్నెది ఒక్కో స్వరం. ఆమె చేతులు ఇంకా చురుగ్గా ఉండగానే ఆ శబ్దాలన్నీ పట్టి దాచుకోవాలని అల్లుడికి ఆశ పుట్టింది. చీమ చిటుక్కుమన్నా వినపడే గదిలో ఆమెను కూర్చోబెట్టి, ప్రతి గిన్నెనూ మెల్లగా, ఓ మోస్తరుగా, గట్టిగా కొట్టించి, మోత పూర్తిగా అణిగేదాకా ఊపిరి బిగబట్టి రికార్డు చేశాడు. ఒకే దెబ్బ మళ్ళీ మళ్ళీ వినపడితే యంత్రం వాయించినట్టుంటుందని ఒక్కో స్వరాన్నీ మరి కొన్నిసార్లు కొట్టించాడు. ఆమె పై వరస కుడిచేత్తో, కింది వరస ఎడమచేత్తో కొట్టింది. అలా పట్టిన శబ్దాల ముక్కలు, వాళ్ళ భాషలో శాంపిల్స్, కీబోర్డులోకి ఎక్కాయి. అప్పట్నించీ అతను ఏ మీట నొక్కితే ఆ స్వరం కొట్టిన చెయ్యి కింద లేస్తుంది. శబ్దాన్ని తీసుకుపోయాక చెయ్యి మాత్రం ఊరికే ఎందుకుంటుంది?

ఇల్లు దానికి అలవాటు పడిపోయింది. ఆమెకు కత్తిపీట ఇవ్వడం మానేశారు. పైన పోరాట సన్నివేశాలకు సంగీతం కడుతున్న రోజున ఆమె పక్కన ఎవరూ కూర్చోరు. ఓసారి వీధి చివరి దర్జీ కొలతలు తీసుకుందామని వచ్చి, సరిగ్గా విలన్ తలుపు బద్దలుకొట్టే చోట ముక్కుమీద ఒకటి తిన్నాడు. ఈ వారమంతా ఫైటింగులేనా అని అడిగి, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ టేపు తీశాడు. ప్రేమ సన్నివేశాలప్పుడు మాత్రం ఆమె చేతులు నీళ్ళమీద తేలుతున్నట్టు కదిలేవి. కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకునేది. ఈ కాలం ప్రేమలు మరీ పొట్టివని కూతురితో సణిగేది.

ఒక మధ్యాహ్నం అల్లుడు కొత్త సినిమా చివరి ఘట్టానికి బాణీ కడుతుండగా, ఉన్నట్టుండి పై వరస స్వరాలు పలకడం మానేశాయి. మీట నొక్కితే కంప్యూటరు తెరమీద స్వరాన్ని చూపే గీత కదులుతోంది, శబ్దం మాత్రం లేదు. వైర్లు లాగి చూశాడు. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాడు. అంతలో పై వరస ఏ చేతిదో గుర్తొచ్చి, మెట్లు దిగి పరిగెత్తాడు. అత్తగారు కుర్చీలో పక్కకి ఒరిగిపోయి ఉంది. కుడిచెయ్యి కిందికి వేలాడుతోంది.

పక్షవాతం అన్నారు. ఆసుపత్రిలో మాట తిరిగొచ్చింది, కాలూ కాస్త తేరుకుంది. కుడిచెయ్యి మాత్రం దిండుమీద ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువులా పడి ఉంది. ఎంత తొందరగా కదిలితే అంత మంచిది, రోజులు గడిచేకొద్దీ ఆశ తగ్గుతుంది అని డాక్టరు దాచకుండా చెప్పాడు. వ్యాయామం చేయించడానికి ఇంటికొచ్చే అమ్మాయి, ఎడమచెయ్యి దానంతట అది లేవడం చూసి ఇది ఏ సినిమాకని అడిగింది. కుడిచేతి స్వరాలు కూడా రాస్తూనే ఉండమని అల్లుడికి చెప్పి వెళ్ళింది.

గోరుచుట్టుమీద రోకలిపోటులా సినిమా విడుదల దగ్గరపడింది. దర్శకుడు మంచివాడే. కానీ విడుదల దగ్గరపడ్డాక ఏ దర్శకుడి మంచితనమైనా కాస్త పలచబడుతుంది. ఆ గిన్నెల బాణీ అతనికి తెగ నచ్చింది, అందుకే సగం స్వరాలు లేవంటే ఒప్పుకోలేదు. ఇలాంటి శబ్దాలు రెడీమేడ్‌గా బోలెడు దొరుకుతున్నాయి కదా, పోయిన చోట అవి పెట్టెయ్యండి, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. కాదంటే వేరేవాళ్ళ చేత చేయించుకుంటానని కూడా అన్నాడు. అల్లుడు అవి తెప్పించి చూశాడు. అతికినట్టు సరిపోయాయి. పెట్టేద్దామనుకుంటుండగా భార్య గుమ్మంలో నిలబడింది.

"అవి పెడితే సినిమా గట్టెక్కుతుంది, నాకు తెలుసండీ. కానీ అమ్మ చోట్లో ఇంకొకళ్ళని కూర్చోబెడితే, రేపు అమ్మ వస్తే ఎక్కడ కూర్చుంటుంది?"

అతను అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. ఈ సినిమా చెయ్యి జారితే ఇంకో సినిమా ఎప్పుడొస్తుందో తెలియదు. భయం వేసింది. కాసేపు ఏడ్చాడు కూడా. చివరికి తెప్పించినవాటిని చెరిపేసి, స్వరాలన్నీ ఎక్కడివక్కడే ఉంచాడు. ఎడమచేతివి పలికేవి, కుడిచేతివి మౌనంగా దాటిపోయేవి. రోజూ బాణీ మొత్తం వేసేవాడు. కింద ఎడమచెయ్యి లేచేది, ఆగేది, రెండోదాని కోసం చూసేది, మళ్ళీ లేచేది. ఆ ఖాళీలు మొదట్లో ఊడిన పళ్ళ సందుల్లా ఉండేవి. పోనుపోను ఇంట్లోవాళ్ళు ఖాళీ వచ్చినచోట మాట ఆపడం నేర్చుకున్నారు. కుళాయి కట్టేసేవారు. కొన్నాళ్ళకి వీధిలో పోయేవాళ్ళు కూడా ఆ కిటికీ కింద అడుగు ఎత్తి పట్టుకుని, ఖాళీ దాటాక మెత్తగా కింద పెట్టి నడిచేవారు. ఆ సమయాన వీధంతా కలలో నడుస్తున్నట్టుండేది.

ఒక సాయంత్రం దర్శకుడే ఇంటికొచ్చాడు. ఇంక వేరేవాళ్ళని పెట్టుకుంటున్నానని మొహంమీదే చెప్పడానికి వచ్చాడు. చెప్పేముందు ఒక్కసారి వినమని అల్లుడు బతిమాలుకున్నాడు. కంప్యూటరూ స్పీకర్లూ కిందికి తెచ్చి, కుడిచేతిని ఒళ్ళో దిండుమీద పెట్టుకుని కూర్చున్న అత్తగారికి ఎదురుగా పెట్టాడు.

తెరమీద ఒక నడివయసు ఆవిడ మేడమీద దుప్పట్లు ఆరేస్తోంది. గాలికి ఒక దుప్పటి ఎగిరిపోతుంది. ఆమె దాని వెంట పరిగెత్తదు, చూస్తూ నిలబడుతుంది. అంతే ఘట్టం. ఎడమచేతి స్వరం ఒకటి మోగింది. తర్వాత ఖాళీ. మళ్ళీ స్వరం, మళ్ళీ ఖాళీ. ఖాళీ వచ్చినప్పుడల్లా ఫ్యాను కూడా నెమ్మదిస్తోంది. దర్శకుడు తనకి తెలియకుండానే ఊపిరి ఆపి, స్వరంతోబాటు వదులుతున్నాడు. దుప్పటి ఆకాశంలో చుక్కంత అయింది. అక్కడ ఆఖరి స్వరం కుడిచేతిది. తెర అడుగున కదిలే గీత ఆ స్వరాన్ని తాకి, దాటిపోయింది. ఏమీ పలకలేదు. దర్శకుడు గొంతు సవరించుకుని, వచ్చిన పని చెప్పడానికి నోరు తెరిచాడు.

దిండుమీద చూపుడువేలు లేచి, పడింది.

స్పీకర్లలోంచి ఒక స్వరం వచ్చింది. అల్లుడు ఎన్నడూ రికార్డు చేయనంత మెల్లగా, అప్పుడే పుట్టినట్టుగా వచ్చింది. అది అణిగేదాకా గదిలో ఎవరూ కదల్లేదు. కూతురు రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"దీన్ని ముట్టుకోకండి మాస్టారూ," అన్నాడు దర్శకుడు. "ఇలాగే ఉంచెయ్యండి."

అత్తగారు అతనికేసి చూడలేదు. తన వేలికేసే చాలాసేపు చూసింది. తర్వాత మొహం చిట్లించింది.

"ఉంచడమేంటి? ఆలస్యంగా పడింది," అంది. "మొదట్నించీ వెయ్యి బాబూ."