తగిలిందన్నాడు

మా రమాకుమారి పాదాల డాక్టరు. అలాంటి చదువొకటుందని కలకత్తాలో మా గార్డెన్ రీచ్ తెలుగువాళ్ళెవరికీ తెలీదు. భవానీపూర్ క్లినిక్‌లో షుగరు రోగుల పాదాలు చూస్తుందంటే, ఇంత చదివించి పిల్లచేత ఊళ్ళోవాళ్ళ కాళ్ళు పట్టిస్తున్నావా అని మా తోటికోడలు అప్పమ్మ నన్ను ఎత్తిపొడిచింది. నాకు ఒళ్ళు మండింది. షుగరొచ్చాక మొట్టమొదట వచ్చి కాలు చాపింది మాత్రం ఆవిడే.

ఇప్పుడు న్యూజిలాండ్‌లో ఒక క్లినిక్ మా పిల్లకి ఉద్యోగం ఇస్తానంది. ఆ ఉద్యోగం కాగితం చేతికొస్తేనే వీసాకి దారి. చదువు చూశారు, అనుభవం చూశారు, చివరికి రోగిని పరీక్ష చేస్తున్న వీడియో ఒకటి అడిగారు. ఆ ఆదివారం సాయంత్రంలోగా పంపాలి. వస్తానన్న రోగి జ్వరమని రాలేదు. దాంతో మా ఆయన బైరాగి కుర్చీలో కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళు డాక్‌లో బస్తాలు మోసిన కాళ్ళు, పైన పదేళ్ళ షుగరు. కూతురు చూస్తానన్నప్పుడల్లా నీచేత కాళ్ళు పట్టించుకుంటానా అని లుంగీలోకి లాక్కునే మనిషి, ఆవేళ దాని ఉద్యోగం కోసమని సబ్బుతో తోముకుని మరీ సిద్ధమయ్యాడు.

ఫోను నేను పట్టుకున్నాను. పిల్ల ఆయన్ని కళ్ళు మూసుకోమంది. సన్నటి నైలాను దారంతో అరికాలిని తాకుతుంది, తెలిస్తే తగిలిందనాలి, అంతే. పది చోట్ల తాకింది. పదిసార్లూ టక్కున తగిలిందన్నాడు. నేను మురిసిపోయాను గానీ పిల్ల ముఖం ముడుచుకుపోయింది. అంత మందాన ఆనెలు కట్టిన చోట కూడా ఎలా తెలిసిందని దాని అనుమానం. పదకొండోసారి దారం గాల్లోనే ఆపింది.

"తగిలింది," అన్నాడు.

నేను ఫోను దించేశాను. ఎందుకిలా చేశావని అది నెమ్మదిగానే అడిగింది. తనొక్కటి తప్పినా కూతురికి మార్కులు పోతాయనుకున్నాడట. పరీక్ష నీది కాదు, నీ జబ్బు నేను పట్టుకోగలనా లేదా అని నాకు పెట్టిన పరీక్ష అని అది చెప్పాక తల వంచుకున్నాడు. నేను మాత్రం ఊరుకోలేదు, నోటికొచ్చినట్టు తిట్టాను.

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి నాలుగుసార్లే తగిలిందన్నాడు. మిగతా ఆరుసార్లు దారం తాకుతూనే ఉంది, ఆయన మాట్లాడలేదు. నేను ఫోను మాత్రం దించలేదు. చెప్పుల్లేకుండా ఇంట్లో కూడా నడవకూడదని, రోజూ అరికాళ్ళు చూసుకోవాలని, రేపే క్లినిక్‌కి రావాలని అది ఆయనకి ఓపికగా చెప్పింది. ఒకచోట ఆయన రోగి అన్న సంగతి మరిచి నాన్నా అనేసింది. మళ్ళీ తియ్యడానికి మనసొప్పక అలాగే పంపేసింది.

నాలుగో రోజున ఉద్యోగం కాగితం వచ్చింది. రోగితో మాట్లాడిన తీరు నచ్చిందని రాశారట.

ఆ సాయంత్రం ఆయన పాదాలకి క్రీము రాస్తూ అడిగింది, స్పర్శే లేని చోట సరిగ్గా ఆ క్షణానికే తగిలిందని ఎలా అనగలిగావని.

"దారం ఎట్టినప్పుడల్లా నువ్వు ఊపిరి బిగబట్టీదానివి కాదేటమ్మా. సిన్నప్పట్నించీ నీకదే అలవాటు. అది ఇని అనీసినాను."

అది ఆయన కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఆ మనిషి మీద నాకు పుట్టెడు ప్రేమ పొంగుకొచ్చింది. ఇన్నేళ్ళుగా పక్కనే ఉన్నాను కదా, నా ఊపిరి ఎలా ఉంటుందో చెప్పమన్నాను. గురక పెడతావన్నాడు.