లావుదారం లేని విసురు

మా ఆయన జాన్‌కీ, మా తమ్ముడు ప్రేమ్ కుమార్‌కీ గేలమంటే పిచ్చి. చెరువు గేలం కాదు, సముద్రపు గేలం. బాపట్ల నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డా, సెలవులొస్తే సూర్యలంకకి పరుగెత్తాల్సిందే. జాన్ పడవెక్కి, పోతున్న పడవ వెనక గేలం వదిలి వంజరం పడతాడు. ప్రేమ్ మొలలోతు అలల్లో నిలబడి విసిరి పండుగప్ప పడతాడు. ఎవరి పద్ధతి వాళ్ళకి గొప్ప. ఒకసారి గేలం కర్ర నా చేతికిచ్చారు. చేప లాగుడు భుజం దాకా పాకేసరికి నేనూ కేకలు పెట్టాను. అందుకే ఆ పిచ్చి నాకు అర్థమవుతుంది.

హైదరాబాదులో సముద్రమేది? ఆదివారం చర్చి అవగానే యూనివర్సిటీ గ్రౌండులో సాధన చేస్తారు. గేలానికి బదులు సీసం గుండు కట్టి ఎంత దూరం పోతుందో చూసుకుంటారు. విసురుకి గేలపు సన్నదారం తెగకుండా చివర నాలుగు బారల లావుదారం కలుపుతారు. అది లేకపోతే గుండు ఇంకా దూరం పోతుంది. కానీ తెగిందంటే తూటాయే.

ఆ ఆదివారం నేనూ వెంట వెళ్ళాను. గుండు పడే చోటు చూడ్డానికి జాన్ దూరంగా, ఓ పక్కకి నిలబడ్డాడు. బావమరిదిని ఏడిపించడం తన జన్మహక్కనుకునే మనిషి.

"ఏరా, ఆ విసురు చూస్తే పీతలు కూడా నవ్వుతాయి! పడవెక్కితే వాంతులు, ఒడ్డున నిలబడితే ఇదీ నీ బతుకు!" అని అరిచాడు.

ప్రేమ్ మొహం నల్లబడింది. లావుదారం కోసేసి, గుండుని సన్నదారానికే ముడేశాడు. ఒళ్ళంతా వంచి విసిరాడు. దారం టప్పుమని తెగింది. గుండు పక్కకి పోయి జాన్ ఎడమ కంటికి తగిలింది.

వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతుంటే జాన్ పడుతూ లేస్తూ వచ్చాడు. ప్రేమ్ చేతిలో కర్ర లాక్కుని వీపు మీద బాదాడు. కర్ర విరిగింది. విరిగిన ముక్కతోనే భుజం మీద, మెడ మీద కొట్టాడు. ప్రేమ్ చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు. "కొట్టు బావా, కొట్టు" అంటున్నాడు. మధ్యలో దూరిన నాకూ రెండు తగిలాయి. నాకున్నది వీళ్ళిద్దరే. ఇద్దరూ అక్కడే చచ్చిపోతారనుకున్నాను.

"ఏంది సార్ గిది! గాడ కన్ను పోతున్నది, ముందు దవాఖానకు నడువుండ్రి!" అంటూ గ్రౌండు బయట ఉన్న మాణికేశ్వర్ నగర్ ఆటో డ్రైవరు వెంకటనర్సయ్య పరుగెత్తుకొచ్చి వాళ్ళని విడదీసి ఆటోలో పడేశాడు.

ఆ కంటికి చూపు ఇక రాదన్నాడు డాక్టరు. సాయంత్రం జాన్, "లిడియా, వాణ్ణి పిలువు" అన్నాడు. విరిగిన భుజానికి కట్టుతో తమ్ముడు మంచం పక్కన నిలబడ్డాడు. ఇవాళ్టితో వీళ్ళిద్దరిలో ఒకణ్ణి పోగొట్టుకుంటాననుకున్నాను.

"లావుదారం కట్టావా?"

"లేదు బావా. కోసేశాను."

జాన్ కంటి కట్టు తడుముకున్నాడు. తర్వాత, "ఎంత దూరం వచ్చిందిరా?" అన్నాడు.

"నువ్వెప్పుడూ విసరనంత."

జాన్ నవ్వాడు. ప్రేమ్ ఏడుస్తూనే నవ్వాడు. ఒకరి చేతులొకరు పట్టుకుని, క్రిస్మస్ సెలవులకి సూర్యలంకలో ఏ చేప తగులుతుందో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. జాన్‌ని కట్టులేని చెంప మీద కొట్టాను. తమ్ముడి రెండు చెంపలూ వాయించాను. నర్సు నన్ను పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. లోపల మళ్ళీ పండుగప్ప గొప్పా వంజరం గొప్పా అన్న వాదనే. పోయిన కంటి కోసం ఏడ్చింది నేనొక్కదాన్నే.